40 నిమిషాల దూరానికి గంటంబావు ఎందుకు?

హైదరాబాద్ నుంచి విశాఖకు రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైమాటే. మ్యాపులో తిన్నగా గీత గీస్తే సుమారు 500. జెట్ విమానం పైకెక్కాక గంటకు 800 కిలోమీటర్లు పోతుంది. లెక్కన 40 నిమిషాలు చాలు. మరి టికెట్‌లో గంటంబావు దాకా ఎందుకుంటుంది?

ఎందుకంటే టికెట్‌లోని లెక్క విమానం ఎగిరాక కాదు, ఆగిన చోటు నుంచి కదలగానే మొదలవుతుంది. రన్‌వే దాకా నత్తనడక, అక్కడ మళ్లీ క్యూ. పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగేటప్పుడూ అంతే. కిటికీలోంచి పాపికొండల మధ్య గోదావరి వెండితీగలా కనిపించిన కాసేపటికే, విశాఖ ఇంకా వంద కిలోమీటర్లకు పైగా ఉండగానే, ఇంజన్ల హోరు తగ్గుతుంది. చెవులు దిబ్బడ వేస్తాయి. పైగా గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి, ఒక్కోసారి చుట్టు తిరిగి రావాల్సిందే.