తిరుగుడున్న వెలుగు

రండర్రా, అరుగు మీద సర్దుకు కూర్చోండి. అద్దం మీద టార్చిలైటు వేస్తే వెలుగు ఏం చేస్తుంది? ఎంత వాలుగా వచ్చిందో అంతే వాలుగా వెనక్కి పోతుందంటారు మీరు. నిజమే! కానీ మీ పుస్తకంలో లేని ముచ్చట ఒకటుంది. వెలుగు తగిలిన చోటునుంచి పిసరంత పక్కకి జరిగి మరీ బయల్దేరుతుంది.

సందులో తాటిమట్ట బ్యాటుతో ఆడుకునేటప్పుడు మెలితిప్పి వేసిన బంతి నేల తగలగానే పక్కకి మళ్లదూ? ఎటు తిప్పితే అటు. వెలుగు రేణువు ఫోటానుకీ పుట్టుకతోనే తిరుగుడుంది, దాని పేరు స్పిన్. ఆ సంగతి 1931లో ప్రయోగంతో చూపింది ఎవరనుకున్నారు? సి.వి. రామన్ గారూ, ఆయనతోపాటు మన తెలుగువాడైన సూరి భగవంతం గారూ! అప్పటికి ఈయనకి ఇరవై రెండేళ్లు నిండాయో లేదో. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

మామూలు వెలుగులో కుడి తిరుగుడూ ఎడమ తిరుగుడూ సమంగా కలిసి ఉంటాయి. గాజు తగిలి దారి మారినప్పుడు మొత్తం తిరుగుడు లెక్క తప్పకూడదు కదా, అందుకని కుడివి ఒక పక్కకీ ఎడమవి రెండో పక్కకీ జరుగుతాయి. ఎంతనుకున్నారు? మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే, అందులో కొన్ని పదుల ముక్కలంత. సోవియట్ శాస్త్రవేత్త ఫెదోరోవ్ 1955లోనే ఇలాంటి జరుగుడు ఉండాలన్నాడు. ఫ్రాన్సులో ఇంబెర్ 1972లో కొలిచి చూపాడు. 2008లో అమెరికాలో, ఇల్లినాయ్‌లో, హోస్టెన్, క్వియట్ అనే ఇద్దరు ఇంకో ఉపాయం పన్నారు. గాజుకి ముందొకటి, వెనకొకటి, ఒకే దిక్కున ఊగే వెలుగునే వదిలే పోలరైజర్లు పెట్టి, వెలుగుని దాదాపు మొత్తం ఆపేశారు. దాటొచ్చిన ఆ కాస్తలో జరుగుడు పదివేల రెట్లు పెద్దదై కనబడింది! ఎక్కువ వెలుగుని వదులుకుని ఎక్కువ చూపు సంపాదించడం, ఎంత అందమైన ఆలోచనర్రా!

అయితే అసలు జరుగుడునే పెంచలేమా? పెంచొచ్చు. దారి ఎంత చురుగ్గా మారితే జరుగుడు అంత ఎక్కువ. 2013లో బర్క్లీలో షియాంగ్ ఝాంగ్ బృందం, వెలుగు అల పొడవు కన్నా చిన్నవైన వి ఆకారపు బంగారు తునకలని వరసగా పేర్చింది. దాన్ని మెటాసర్ఫేస్ అంటారు. ఒక్కో తునక వెలుగు అలని పక్కదాని కన్నా కాస్త వేరుగా ఆలస్యం చేస్తుంది. దాంతో తిన్నగా వేసిన వెలుగు కూడా కుడి తిరుగుడు ఒకవైపుకీ ఎడమది మరోవైపుకీ విడిపోయింది. వెలుగు తగిలే పొర ఏమాత్రం మారినా జరుగుడు మారిపోతుంది కాబట్టి, పరమాణువంత మందమున్న గ్రాఫీన్ పొరలు ఎన్ని ఉన్నాయో ఆ జరుగుడుని కొలిచి లెక్కపెట్టొచ్చు.