గుణదోష విచారణము

కాకతి గణపతిదేవ చక్రవర్తి కొలువున గజసాహిణియై ఏనుగుల దండునకు అధిపతిగా వెలసిన జాయప సేనాని, 1254 ప్రాంతమున నృత్తరత్నావళి యను లక్షణగ్రంథమును రచించెను. నటరాజ రామకృష్ణగారి కృషివలన ఓరుగంటి సీమలో మరల వెలుగు చూచిన పేరిణి తాండవమునకు ఆ గ్రంథమును, 1213లో రేచర్ల రుద్రుడు నిలిపిన రామప్పగుడి శిల్పములును ఆధారములు. జాయపకు శాస్త్రోక్తమైన మార్గనృత్త విషయమున ప్రమాణమైన భరతముని నాట్యశాస్త్రమున, ప్రదర్శనము యొక్క గుణదోషములను ఎవరు, ఎట్లు నిర్ణయింపవలెనో 27వ అధ్యాయము తెలుపుచున్నది. నర్తకులకే గాక, బడిలో పాఠము చెప్పువారికిని, కచ్చేరీలో పదిమందిచేత పని చేయించువారికిని, కోడలి వంటకు వంకలు పెట్టు అత్తగారికిని గూడ అది పఠనీయము.

వివాదము పుట్టినపుడు తీర్పు చెప్పుటకు భరతుడు పదిమంది ప్రాశ్నికులను పేర్కొనెను. ఛందోవేత్త వృత్తములను, వైయాకరణుడు పలుకుల సాధుత్వమును, విలుకాడు నిలుకడల సౌష్ఠవమును, చిత్రకారుడు వేషభూషలను, గాయకుడు స్వరతాళములను పరీక్షింపవలెను. తక్కినవారికిని ఇట్లే ఎవరి విషయము వారిది. అన్నిటికిని తానే తగుదునమ్మా యని ముందుకు వచ్చువానికి ఆ సభలో పీఠము లేదు.

దోషము కనబడినంతనే దానిని నర్తకుని నెత్తిన రుద్దుటయు మునికి సమ్మతము కాదు. గాలి, వాన, అగ్ని, పాము మొదలైన వానివలన కలిగినది దైవికము. గిట్టనివారు బిగ్గరగా నవ్వియు, మట్టిబెడ్డలును పేడయు విసరియు కలిగించినది పరకృతము. మాట మరచుట, కిరీటము జారుట వంటివి స్వయంకృతములు. ఈ వివేకము గల ఉపాధ్యాయుడు, జ్వరముతో పరీక్ష వ్రాసిన బాలుని, పుస్తకము తెరవక వ్రాసిన బాలుని ఒకే మాటతో మందలింపడు.

దోషము ఒక్కచోటనే యున్నదా, అంతటను వ్యాపించినదా, గుణముతో కలసి యున్నదా యనియు వేరుపరచవలెనట. గుణమే లేని ప్రదర్శనము గాని, దోషమే లేని ప్రదర్శనము గాని లోకమున ఉండదు గనుక, చిన్న లోపములను పట్టుకొని పీడింపరాదని భరతుని తీర్మానము. అయినను లోపమును కప్పిపుచ్చుమని ఆయన ఎచ్చటను అనలేదు.

పేరిణి నేర్పు గురువు శిష్యునితో "నీకు నాట్యము రాదురా" అన్నచో, ఒక్కచోటి దోషమును ఒడలంతటికిని పులిమినట్లగును. "అరమండి చక్కగా నిలిచినది, రెండవ కాలమున మాత్రము ఎడమ మడమ తాళమునకు వెనుకబడుచున్నది, మద్దెల విని మరల త్రొక్కుము" అన్నచో, నిలుపుకొనవలసినదియు, దిద్దుకొనవలసినదియు, దిద్దుకొను మార్గమును శిష్యునకు ఒక్కమారే తెలియును. విమర్శ విన్నవాడు తాను మరునాడు చేయవలసిన పనియేదో చెప్పలేకపోయెనా, మొదట దిద్దుకొనవలసినవాడు విమర్శకుడే.