వానాకాలంలో పాత కారు సంరక్షణ

తండ్రి కాలంనాటి అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో ప్రాణప్రదంగా చూసుకునే కుటుంబాలు వేలూరు, గుడియాత్తం ప్రాంతాలలో నేటికీ ఉన్నాయి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. విడిభాగాలు దొరకడం నానాటికీ దుర్లభమవుతున్న ఈ రోజులలో, ఉన్న బండిని చెడకుండా కాపాడుకోవడమే వివేకం.

శీతల దేశాలలో మంచుకు, రోడ్లపై చల్లే ఉప్పుకు జడిసి కార్లను చలికాలమంతా షెడ్లలో దాచుతారు. మనకు ఆ బెడద లేదు. మన శత్రువు నీరు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు తెచ్చే వర్షం, ఆపై మార్గశిర, పుష్య మాసాల మంచు, గాలిలోని చెమ్మ కలిసి ఇనుమును నెమ్మదిగా తినివేస్తాయి.

నిలిపే చోటు

2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తం పల్లపు వీధులను ముంచెత్తిన సంగతి పాఠకులు మరచి ఉండరు. నదీతీర వాసులు వర్షాలకు ముందే బండిని మెరక ప్రదేశానికి చేర్చడం మంచిది. నేల గచ్చుదైతే మేలు. మట్టినేల నుండి చెమ్మ పైకి లేచి అడుగు రేకుకు పడుతుంది.

దాచే ముందు అడుగు భాగాన్ని, మడ్‌గార్డుల లోపలిని శుభ్రంగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. అంటుకున్న బురద తడిని పట్టి ఉంచుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కప్పడానికి గాలి ఆడే నూలు గుడ్డ శ్రేష్ఠం. ప్లాస్టిక్ పట్టా వానను ఆపుతుంది గాని లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు.

ఇంజను, పెట్రోలు

వాడిన ఇంజను ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయి. కనుక దానిని దాచిన తరువాత కాక, దాచే ముందే మార్చాలి. రేడియేటరులో వట్టి నీటికి బదులు కూలెంట్ పోయాలి. మన ఊళ్ళలో నీరు గడ్డకట్టదు నిజమే, కాని కూలెంట్ లోపలి తుప్పును కూడా నివారిస్తుంది.

2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే అది ఇథనాల్‌తో సహా వేరుపడి ట్యాంకు అడుగుకు దిగి తుప్పుకు కారణమవుతుంది. పాత రబ్బరు గొట్టాలకు కూడా ఇథనాల్ పడదు. ట్యాంకును నిండుగా ఉంచితే లోపల చెమ్మగాలికి చోటు తగ్గుతుంది. నెలకు మించి కదపకపోతే కార్బురేటరులోని పెట్రోలును తీసివేయడం మేలు.

బ్యాటరీ, బ్రేకులు, టైర్లు

బ్యాటరీ తీగలలో ముందుగా నెగటివ్ తీగను విప్పాలి. నిండు ఛార్జి గల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. నెలకొకసారి ఛార్జి చేయించాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే బ్రేకు లైనింగులు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుంటాయి. దానికి బదులు గేరులో ఉంచి, చక్రాలకు రాయో చెక్కదిమ్మో అడ్డుపెట్టాలి. టైర్లలో గాలి కొద్దిగా ఎక్కువ ఉంచి, అప్పుడప్పుడు బండిని ముందుకు వెనుకకు జరిపితే అవి ఒకేచోట నొక్కుకుపోవు. ఎలుకలు తీగలు కొరకకుండా వారానికొకసారి బానెట్ ఎత్తి చూడాలి.

రెండు నిమిషాలు ఇంజను తిప్పి ఆపివేయడం చాలామంది అలవాటు. దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. ఇంజను వేడెక్కకముందే ఆపితే ఇంధనం కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి సైలెన్సరులో, ఆయిల్‌లో నిలిచిపోతుంది. వాన తెరిపిచ్చిన రోజున బ్యాటరీ తీగలు తిరిగి బిగించి, ఇరవై నిమిషాలు రోడ్డుపై నడపడమే సరైన పద్ధతి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

వరద నీరు చేరితే

బండి మునిగితే ఎట్టి పరిస్థితులలోను స్టార్టు చేయరాదు. సిలిండరులోని నీరు గాలివలె అణగదు గనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలవలె తెల్లగా కనిపిస్తే నీరు కలిసినట్లే. స్పార్కు ప్లగ్గులు విప్పి నీటిని తోడి, ఆయిల్ మార్చిన పిదపనే మెకానిక్ చేత నడిపించాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే ఈ నష్టానికి పరిహారం అందదు. పాత బండే కదా అని సమగ్ర బీమాను వదులుకున్నవారు వర్షాలకు ముందే పునరాలోచించడం శ్రేయస్కరం.