నీరు పైకి ఎక్కే దారి: నారు కుండీలో కేశనాళికీయత

నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. కానీ కిటికీలో పెట్టిన నారు కుండీలో అదే నీరు కింది నుంచి పైకి ఎక్కుతుంది. ఎలాగో చూద్దాం.

ముందుగా నా అనుభవం చెబుతాను. ఒకసారి ప్లాస్టిక్ కప్పుల్లో టమాటా విత్తనాలు చల్లి, రోజూ చెంబుతో పైనుంచి నీళ్ళు పోశాను. కొన్ని విత్తనాలు నీటి వేగానికి కొట్టుకుపోయి అంచులకు చేరాయి. మొలిచినవాటిలో చాలావరకు మొదలు దగ్గర నూలుపోగులా సన్నబడి ఒరిగిపోయాయి. రైతులు దీన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. దీనికి కారణమయ్యే పిథియం వంటి సూక్ష్మజీవుల సిద్ధబీజాలు నీటి పొరలో ఈదుతూ వ్యాపిస్తాయి. నిత్యం పైమట్టిని తడిపి ఆ పొరను నేనే సమకూర్చాను!

మరి పైమట్టిని ముంచెత్తకుండా వేళ్ళకు నీరు అందించడం ఎలా? దీపపు వత్తిని గమనించండి. ప్రమిదలోని నూనె పోగుల సందుల గుండా పైకి పాకుతుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లోనూ ఇదే జరుగుతుంది. నీటికీ రేణువుకూ మధ్య ఉండే అసంజన బలం నీటిని రేణువుల వెంట పైకి లాగుతుంది. నీటి అణువుల మధ్య ఉండే సంసంజన బలం మిగతా నీటిని దాని వెంట నడిపిస్తుంది. దీనినే కేశనాళికీయత అంటాం. గొట్టం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందని 1718లో జేమ్స్ జూరిన్ చూపాడు. 1 మి.మీ. వ్యాసం గల గాజుగొట్టంలో సుమారు 3 సెం.మీ., 0.1 మి.మీ. గొట్టంలో సుమారు 30 సెం.మీ. ఎక్కుతుంది.

ఇక పద్ధతి. అడుగున రంధ్రాలున్న కప్పులో కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపి నింపండి. ముందే కాస్త తడిపి ఉంచండి. పూర్తిగా ఎండిన మిశ్రమం నీటిని త్వరగా పీల్చకపోవచ్చు. విత్తనాలు నాటి, కప్పును రెండు సెం.మీ. లోతు నీళ్ళున్న పళ్ళెంలో పెట్టండి. పైభాగం రంగు ముదరగానే, సుమారు అరగంటలో, కప్పును తీసి నీరు ఓడ్చండి. నీళ్ళలోనే వదిలేస్తే వేళ్ళకు గాలి అందదు. తెగులు మళ్ళీ వస్తుంది. మట్టి పైన ఆరి, కప్పు తేలికైనాకే మళ్ళీ నీరు పెట్టండి. మొలకెత్తేదాకా మాత్రం పైభాగం ఎండిపోకుండా సన్నగా చిలకరించాలి.

రెండు జాగ్రత్తలు. కప్పు అడుగున గులకరాళ్ళు వేయకండి. వాటి మధ్య సందులు పెద్దవి. పళ్ళెంలోని నీరు రాళ్ళ పొరను దాటకపోతే మట్టికి చేరదు. రెండోది, నీరు తనలో కరిగిన లవణాలను కూడా పైకి మోసుకొస్తుంది. నీరు ఆవిరై, లవణాలు పైన తెల్లని పొరగా మిగులుతాయి. అందుకని మొలకలు బలపడ్డాక, నెలకోసారి పైనుంచి మెల్లగా నీరు పోసి కిందికి కడిగివేయాలి.

ఇప్పుడు ఒక ప్రయోగం. రెండు పారదర్శక గొట్టాల అడుగున గుడ్డ కట్టి, ఒకదానిలో పొడి ఇసుక, మరొకదానిలో పొడిచేసిన బంకమట్టి నింపి నీళ్ళలో నిలబెట్టండి. మొదటి గంటలో ఏది ముందుంటుంది? కొన్ని రోజుల తర్వాత ఏది ఎక్కువ ఎత్తు చేరుతుంది? రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే కాకపోవచ్చు. ఎందుకో ఆలోచించి రాయండి.