పరిశోధనకు సిద్ధమే, గైడు ఏడీ?

చేవెళ్ళ: (మా ప్రతినిధి)

బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద ఆగే ఆర్.టి.సి. బస్సుల్లోంచి తెల్లకోటు చేతిమీద వేసుకుని దిగే విద్యార్థులు ఇప్పుడు ఈ ప్రాంతంలో వింత కాదు. మొయినాబాదు మండలంలో భాస్కర మెడికల్ కాలేజీ, చేవెళ్ళలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ, వాటి చుట్టుపక్కల ఫార్మసీ, ఇంజనీరింగు కాలేజీలు వెలిశాయి. పూలకు, క్యారెట్‌కు, కూరగాయలకు పేరుపడిన పల్లెల నుంచి మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీలలో ఎమ్మెస్సీ, ఎం.ఫార్మసీ ముగించిన వారూ తయారవుతున్నారు. వీరిలో కొందరికి ఉద్యోగం కంటే పరిశోధన మీదే మనసు. కాగా అలాంటి వారికి చిక్కు మొదటి మెట్టు మీదే ఎదురవుతోంది. ఏ విషయం ఎంచుకోవాలి? ఎవరి దగ్గర చేరాలి?

ఇది చిన్న ప్రశ్న కాదు. పిహెచ్.డి. అంటే అయిదారేళ్ళ జీవితం. తోటివారు ఉద్యోగాల్లో స్థిరపడి, ఇళ్ళలో పెళ్ళి మాటలు మొదలయ్యే వయసులో అన్నేళ్ళు ఒక ప్రయోగశాలకు అప్పగించాలి. గైడు కుదరకపోతే ఆ ఏళ్ళు తిరిగి రావు.

వైద్య కళాశాలలు ఊళ్ళోనే ఉన్నా వాటిలో ప్రధానంగా జరిగేది వైద్యుల శిక్షణ, రోగుల చికిత్స. జీవవైద్య పరిశోధన కోసం నగరం వైపే చూడాలి. ఆ మాటకొస్తే పొలం గట్టు నుంచి బస్సెక్కి అందుకోగల దూరంలో ఇన్ని పరిశోధనా సంస్థలున్న పల్లెలు దేశంలో బహు తక్కువ. 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉంది. పశువైద్య కళాశాల రాజేంద్రనగర్‌లో, కంటి జబ్బులపై పరిశోధన చేసే ఎల్.వి. ప్రసాద్ సంస్థ బంజారాహిల్స్‌లో ఉన్నాయి. నగరానికి ఆ చివర హబ్సిగూడలో సి.సి.ఎం.బి., దాని పొరుగున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్‌లో డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రం సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి. పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకు ఒక చిన్న విభాగంగా మొదలై, తరువాత హైదరాబాదు చేరిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

సీటు వస్తే గైడును వారే కేటాయిస్తారులే అన్న ధీమా చాలామంది విద్యార్థుల్లో కనిపిస్తుంది. అన్నిచోట్లా అలా జరగదు. కొన్ని సంస్థల్లో ప్రవేశం దొరికాక కొంతకాలం రెండు మూడు ప్రయోగశాలల్లో పనిచేసి, ఆపైన ఒకచోట కుదురుకోవచ్చు. విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఖాళీల లెక్క ఉంటుంది. యు.జి.సి. 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసరు ఏకకాలంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 గురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మించి పిహెచ్.డి. విద్యార్థులను తీసుకోరాదు. పదవీ విరమణకు మూడేళ్ళ లోపు వ్యవధి ఉన్నవారు కొత్తవారిని చేర్చుకోరాదు. కనుక ఎంతటి పేరున్న ప్రొఫెసరైనా ఖాళీ ఉందా, విరమణ ఎప్పుడు అన్నవి ముందుగా తెలుసుకోవలసిందే.

ఇక ఉత్తరాల సంగతి. ‘తమరి పరిశోధన పట్ల నాకు ఎనలేని ఆసక్తి’ అంటూ ఒకే ఉత్తరాన్ని పేరు మాత్రం మార్చి యాభై మందికి పంపేవారున్నారు. జవాబు రాలేదని ఆపైన నిరుత్సాహపడతారు. అవతలి మనిషి ఏం పరిశోధన చేస్తున్నాడో ఉత్తరంలో ఒక్క ముక్క లేకపోతే ఆయన మాత్రం ఏమని జవాబు రాస్తాడు? ఆయన ఇటీవల ప్రచురించిన రెండు మూడు పత్రాలు చదివి, అందులో ఏది నచ్చిందో, ఏ సందేహం కలిగిందో, తనకు ఏ పని చేతనవునో ఒక పేజీలో రాస్తే చాలు. పత్రాల సారాంశాలు పబ్‌మెడ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అంతకంటే పనికివచ్చేది శోధగంగ. దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన సిద్ధాంత గ్రంథాలను అందులో భద్రపరుస్తున్నారు. ఫలానా గైడు వద్ద ఎందరు పూర్తిచేశారు, ఏ విషయాలపై చేశారు అన్నది ఇంట్లో కూర్చునే చూడవచ్చు. ఆపైన ఆ ప్రయోగశాల విద్యార్థులను క్యాంటీనులో పట్టుకుని పది నిమిషాలు మాట్లాడాలి. గైడు వారానికి ఎన్నిసార్లు కనబడతాడు, రాసిన అధ్యాయం ఎన్నాళ్ళకు తిరిగి ఇస్తాడు, పత్రంలో మొదటి పేరు ఎవరిది వేస్తాడు? ఈ మూడూ అడిగితే చాలు.

మొదటి పేరు సంగతి తేలికగా తీసుకోదగ్గది కాదు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, కాకినాడ దాతల సాయంతోనూ, మామగారి సొమ్ముతోనూ అమెరికా చేరాడు. బోస్టన్‌లో ఆసుపత్రి పనులు చేసి పొట్టపోసుకుంటూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే వారిద్దరి పద్ధతి 1925లో వెలువడింది. అది నేటికీ ఇద్దరి పేర్లతోనే చెలామణిలో ఉంది. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్న ఘనతా ఆ జంటదే. సుబ్బారావుకు 1930లో పిహెచ్.డి. వచ్చింది. అయితే అదే విభాగంలో చదివి 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో వేరే సంగతి చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని ఆయన అభిప్రాయం. ఒకే గైడు, ఒకే శిష్యుడు, రెండు ఫలితాలు!

మరో గురుశిష్యుల కథ మన బేగంపేటలోనే జరిగింది. రోనాల్డ్ రాస్‌కు 1894లో లండన్‌లో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపింది పాట్రిక్ మాన్సన్. ఆ తరువాత గురువు లండన్‌లో, శిష్యుడు ఇండియాలో. మార్గదర్శనమంతా ఉత్తరాల మీదే. దోమ నీటిలో చచ్చి, ఆ నీరు తాగిన మనిషికి జబ్బు సోకుతుందని మాన్సన్ ఊహ. అది తప్పని తేలింది. దోమను వదలవద్దన్న సలహా మాత్రం ఫలించింది. హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకున్న రాస్, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది.

విషయం ఎంపికలోనూ విద్యార్థులు తొందరపడుతున్నారు. క్యాన్సరు, జన్యువులు అంటేనే విలువ అనుకుంటారు. లాల్జీ సింగ్ బెనారస్‌లో పాముల క్రోమోజోములపై పిహెచ్.డి. చేశాడు. పాముల మీద పరిశోధన దేనికని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే తప్పుపట్టలేం. తరువాత కట్లపాము డి.ఎన్.ఏ.లో దొరికిన ఒక ముక్కే సి.సి.ఎం.బి.లో ఆయన మన దేశపు డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించడానికి పనికివచ్చింది.

మన ప్రాంతంలో విషయాలకు కొరత లేదు. కూరగాయల తోటల్లో మందు కొట్టే రైతుల రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఎంత తగ్గుతోందో కొలవవచ్చు. ఆసుపత్రికి వచ్చే మూత్ర సంబంధ వ్యాధుల్లో ఏ క్రిములు ఏ మందుకు లొంగడం లేదో చూడవచ్చు. పల్లెల్లో బక్కపలచటి వారికీ షుగరు ఎందుకు వస్తోందో వెతకవచ్చు. గ్రామీణ పరిశోధనకు మన వైపే మంచి ఉదాహరణ ఉంది. నగర సమీపంలోని 29 గ్రామాల్లో 1987-90 మధ్య పోషకాహార సంస్థ చేసిన అధ్యయనంలో కొన్ని గ్రామాల గర్భిణులకు, పసిపిల్లలకు ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు పెద్దయ్యాక వారి గుండె ఆరోగ్యం ఎలా ఉందో శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి పరిశీలిస్తూ వచ్చారు. ఉప్మా మీద ఇంత శాస్త్రం ఉంటుందని ఎవరనుకుంటారు!

పర్యవేక్షకుడు ఒక సంస్థలో, సహ పర్యవేక్షకుడు మరో సంస్థలో ఉండటానికి 2022 నిబంధనలు అనుమతిస్తున్నాయి. నగరంలోని శాస్త్రజ్ఞుడిని, చేవెళ్ళ లేదా మొయినాబాదు ఆసుపత్రిలోని అర్హుడైన వైద్యుడిని కలపగలిగితే నమూనాలు ఇక్కడ, పరీక్షలు అక్కడ అన్న ఏర్పాటు సాధ్యమే. మన కళాశాలల యాజమాన్యాలు ఇందుకు చొరవ చూపడం అవసరం. అయితే మనుషుల రక్తం తీసుకోవాలంటే సంస్థ నైతిక సంఘం అనుమతి, జంతువులపై ప్రయోగమైతే వేరే సంఘం అనుమతి తప్పనిసరి. ఇవి రావడానికి నెలలు పట్టవచ్చు. మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టించే గైడు దొరకడం అదృష్టం.

డబ్బు విషయానికొస్తే, నెట్‌లో జె.ఆర్.ఎఫ్. సాధించిన వారికి 2023 జనవరి నుంచి పెంచిన రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. భారత వైద్య పరిశోధనా మండలికి, బయోటెక్నాలజీ విభాగానికి వేరే ఫెలోషిప్పులున్నాయి. సొంత ఫెలోషిప్పు ఉన్న విద్యార్థిని చేర్చుకోవడానికి గైడు కూడా సుముఖంగా ఉంటాడు. గైడు చేతిలోని నిధులతో పనిలేదు కదా! జె.ఆర్.ఎఫ్. రాకపోయినా 2024 నుంచి నెట్ మార్కులను పిహెచ్.డి. ప్రవేశానికి పరిగణిస్తున్నారు. ఆ అర్హత ఏడాది మాత్రమే చెల్లుతుంది. మహిళలకు మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గడువులో రెండేళ్ళ సడలింపు ఉన్నాయి. ఆడపిల్లకు ఇన్నేళ్ళ చదువా అని వెనకాడే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలి.

విదేశీ విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు రాసేవారూ ఉన్నారు. చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కు 11 ప్రదక్షిణలతో మొదలై, వీసా వచ్చాక 108తో తీరుతుంది. అక్కడా ముందు ప్రొఫెసరుతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపిన వారికే ఎక్కువగా పని జరుగుతోంది.

ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక ధృవపత్రాల కోసం మీ-సేవ కేంద్రం చుట్టూ తిరిగే వారికి ఒక సూచన. కేంద్ర సంస్థల్లో బి.సి. రిజర్వేషను కోరేవారు రాష్ట్ర ప్రభుత్వ పత్రం కాకుండా, కేంద్ర నమూనాలో ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ పత్రం చూపవలసి ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో దానికి నోటిఫికేషను పడకముందే దరఖాస్తు చేసుకోవడం మంచిది.