క్రోటన్ పచ్చబడితే కత్తెర ఒక్కటే మందు కాదు

రంగు వెలిసిన చీరకు సూరత్‌లో బేరం ఉండదు. రంగు వెలిసిన క్రోటన్‌ను మాత్రం అంత తొందరపడి పారేయనక్కర్లేదు.

నగరానికి తూర్పువైపున్న గోడాదరా, దాని పక్కనున్న లింబాయత్ ప్రాంతాలు తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలసవచ్చిన కుటుంబాలకు దశాబ్దాలుగా నెలవు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా పెట్టాల్సి వచ్చిందంటే మనవాళ్ల సంఖ్యను ఊహించుకోవచ్చు. గోడలు కలిసిపోయిన ఇళ్లు, ఎండ అరకొరగా దిగే గల్లీలు. అలాంటి గుమ్మం ముందు తులసి, కరివేపాకు సరసన క్రోటన్ కుండీ చేరితే దాని కథ దాదాపు ఒకేలా సాగుతుంది. నర్సరీలో ఎరుపు, పసుపు కలగలిసి మెరిసిన మొక్క కొన్ని నెలలకే పచ్చబడుతుంది. తెగులు పట్టిందని కొందరు, నర్సరీవాడు మోసం చేశాడని కొందరు. యూరియా గుప్పించేవారూ ఉన్నారు. దాంతో అది మరింత పచ్చబడుతుంది!

నిజానికి అది జబ్బు కాదు, ఆకలి. ఆకులో ఎరుపుకు ఆంథోసయనిన్లు, పసుపు, నారింజలకు కెరోటినాయిడ్లు కారణం. వెలుతురు తగ్గితే మొక్క ఆహారం తయారు చేసుకోవడానికి పత్రహరితాన్ని పెంచుకుంటుంది. మిగతా రంగులు దాని కింద మరుగున పడతాయి. కుండీని రోజూ నాలుగైదు గంటలు ఉదయపు ఎండ తగిలే చోటికి మారిస్తే కొత్త చిగుళ్లు రంగెక్కుతాయి. మార్పు వారం, పది రోజుల్లో మెల్లగా జరగాలి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే ఆకు మాడిపోతుంది. చాలా రకాల్లో లేత ఆకు పచ్చగానే వచ్చి, ముదిరాక ఎర్రబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మొక్కంతా రంగుతో ఉండి ఒక్క కొమ్మే పచ్చగా దూసుకొస్తే సంగతి వేరు. అది తిరోగమనం. పచ్చకొమ్మకు బలమెక్కువ, వదిలేస్తే చెట్టంతా అదే ఆక్రమిస్తుంది. దాన్ని సగానికి కాదు, పుట్టిన చోటికే కోసేయాలి. ఇందుకు భిన్నంగా, ఎన్నడూ చూడని రంగుతో ఒక కొమ్మ వస్తే కత్తెర దాచేయడమే మంచిది. ఇలాంటి వింత కొమ్మల నుంచే ఎన్నో క్రోటన్ రకాలు పుట్టాయి. దానికి గాలి అంటు కడితే కొత్త మొక్క చేతికొస్తుంది.

కోయడానికి చెయ్యిరాక వదిలేసిన క్రోటన్ కింద బోసిపోయి, పైన కుచ్చుతో కర్రలా నిలబడుతుంది. ఫిబ్రవరి చివర గానీ, తొలకరికి గానీ కణుపుకు కాస్త పైన కోస్తే పక్క చిగుళ్లు వస్తాయి. ఒక విడతలో మూడో వంతుకు మించకూడదు. మలుకు దీవుల ప్రాంతం నుంచి వచ్చిన ఈ పొద చలికి తాళలేదు. ఐరోపాలో అద్దాల గదుల్లోనే బతికింది. సూరత్ చలికాలానికి ఆ భయం పెద్దగా లేదు.

జాగ్రత్త పడాల్సింది దాని రసంతోనే. ఆముదం కుటుంబానికి చెందిన ఈ మొక్క రసం చర్మానికి దురద పుట్టిస్తుంది, గుడ్డకు అంటితే మరక వదలదు. చీరల మూటలున్న ఇంట్లో ఈ కోత పని గుమ్మం బయటే పెట్టుకోవాలి. కోసిన కొసలను పిల్లలకు అందకుండా, తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచితే కొద్ది వారాల్లో వేళ్లు దిగుతాయి.