ప్రార్థన ముగిసేదాకా ఆకలి ఆగదు

మా వైపు ఒక మాట తమాషాగా చెప్పుకునేవాళ్లు. కొత్త కోడల్ని "వంట వచ్చునా?" అని అడగరట. "ఎంత దూరం నుంచి నీళ్లు మోయగలవు?" అని అడుగుతారట. కానీ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని మైళ్లకొద్దీ నడిచిన అనంతపురం ఆడవాళ్లకు అందులో తమాషా ఏమీ కనిపించదు.

మా నేల సంగతి అలాంటిది. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తా మీద కురిసి, మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా కావలసినప్పుడు పడదు. శెనక్కాయ చేలో ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసిందంటే, ముందు ఇల్లాలి మెడలోది తాకట్టుకు వెళుతుంది. తర్వాత మగవాళ్లు బెంగుళూరు బస్సెక్కుతారు. ముసలివాళ్లూ, పిల్లలూ, వాళ్లను చూసుకునే ఆడదీ ఊళ్లో మిగులుతారు.

ఇలాంటి నేలకు 1969లో ఒక స్పెయిన్ దేశస్థుడు వచ్చి స్థిరపడ్డారు. పేరు విన్సెంట్ ఫెర్రర్. అనంతపురం వాళ్లకు మాత్రం ఆయన "ఫాదర్". 2009 జూన్ 19న చనిపోయేదాకా నలభై ఏళ్లు ఆయన ఈ కరువుతోనే కాపురం చేశారు.

నేను క్రైస్తవురాలిని కాను. మా ఇంట్లో పూజగది ఉంది, శ్రావణమాసం నోములున్నాయి. అయినా దేవుణ్ణి నమ్మడమంటే ఏమిటో, నమ్మినదాన్ని బతుకులో పెట్టడమంటే ఏమిటో ఆలోచించినప్పుడల్లా నాకు ఈ ఫాదర్ గుర్తొస్తారు. త్యాగం, తొందర, నిజాయితీ - ఈ మూడూ ఆయన భక్తిలో విడదీయలేనట్టు కలిసిపోయాయి.

దేశం పొమ్మంది, మళ్లీ రమ్మంది

ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టారు. మీసం సరిగా రాని వయసులోనే స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనికుడయ్యారు. ఓడిపోయిన పక్షాన నిలబడి, ఫ్రాన్సులో శరణార్థుల శిబిరం కూడా చూశారు. తర్వాత లా చదువు మొదలుపెట్టి, దాన్ని వదిలేసి జెస్యూట్ సభలో చేరారు. 1952లో మన దేశానికి వచ్చారు.

మొదట పనిచేసింది మహారాష్ట్రలోని మన్మాడ్‌లో. అదీ కరువు ప్రాంతమే. అక్కడ రైతులకు కావలసింది నీళ్లని ఆయన గ్రహించారు. బావి తవ్వుకునే రైతుకు గింజలు, నూనె, అప్పు అందేలా చూశారు. పల్లెలు ఆయన వెంట నడిచాయి. ఒక పరదేశి మాటకు అంత విలువ రావడం పెద్దమనుషులకు కొందరికి గిట్టలేదు. మతం మార్చడానికే వచ్చాడన్న ప్రచారమూ జరిగింది. 1968లో దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది.

అప్పుడు జరిగింది చూడండి. సుమారు 30 వేల మంది రైతులు ఆయన్ని పంపొద్దంటూ మన్మాడ్ నుంచి బొంబాయికి నడుచుకుంటూ బయలుదేరారు. దాదాపు 250 కిలోమీటర్లు! చివరికి ఇందిరాగాంధీ జోక్యం చేసుకున్నారు. కొన్నాళ్లు సెలవు మీద వెళ్లి రావచ్చని, తిరిగి వస్తే స్వాగతం ఉంటుందని తెలియజేశారు. అలా వెళ్లి, అలా వచ్చి, అనంతపురంలో దిగారు. పొమ్మన్న దేశానికే మళ్లీ వచ్చి, ఆ దేశంలోకెల్లా ఎండిన జిల్లాల్లో ఒకదాన్ని పట్టుకుని కూర్చోవడం... త్యాగమన్న మాట నాకు ఇక్కడ అర్థమవుతుంది. అయితే ఈ త్యాగం ఆయన ఒక్కరిదే కాదు.

ఆమె సంగతి ఎవరు రాస్తారు?

గొప్పవాళ్ల కథల్లో భార్య పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఇక్కడ అలా వదిలేస్తే అన్యాయం. అన్నె పెర్రీ ఇంగ్లండు అమ్మాయి. 1947లో పుట్టారు. పదహారేళ్ల వయసులో బొంబాయి వచ్చారు. తర్వాత పత్రికలో పనిచేస్తూ, బహిష్కరణ గొడవ జరుగుతున్న రోజుల్లో ఫెర్రర్‌ను ఇంటర్వ్యూ చేయడానికి వెళ్లారు. ఆ పరిచయం ఆమె బతుకు దారినే మార్చేసింది. ఉద్యోగం వదిలి ఆయన పనిలో చేరి అనంతపురం వచ్చారు. 1970లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. ఆమెకు పాతికేళ్లు కూడా నిండలేదు.

ఫాదర్ పెళ్లి చేసుకోవడమేమిటని మీలో కొందరికి అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఎంతమందికి అనిపించిందో ఊహించుకోవచ్చు. జెస్యూట్ గురువుకు బ్రహ్మచర్యం వ్రతం. ఆయన ఆ సభ నుంచి బయటికి వచ్చి పెళ్లి చేసుకున్నారు. మాట తప్పాడని అనేవాళ్లు అనవచ్చు. నేను మరోలా చూస్తాను. అంగీ తొడుక్కుని గౌరవం కాపాడుకుంటూ, లోపల వేరే బతుకు బతకడం కష్టమైన పనేమీ కాదు. అలాంటివాళ్లను అన్ని మతాల్లోనూ చూస్తూనే ఉన్నాం. ఆయన దాచలేదు. హోదా పోతుందని తెలిసి, ఆ హోదా వదిలేసి, ఆమెను అందరి ఎదుటా భార్యగా చేసుకున్నారు. ఒక ఆడపిల్లను చాటున ఉంచకపోవడం కూడా నిజాయితీయే. చిత్రమేమిటంటే, సభను వదిలినా జనం మాత్రం ఆయన్ని "ఫాదర్" అనడం మానలేదు. ఆ పిలుపు ఆయన తొడుక్కున్న అంగీకి కాదన్న మాట!

మరి ఆమె? పరాయి దేశం, పరాయి భాష, ఎండ, నీళ్ల కరువు. ముగ్గురు పిల్లల్ని ఇక్కడే పెంచారు. సంస్థ పనిలో సగం భుజాన వేసుకున్నారు. ఆయన పోయాక సంస్థ కూలిపోతుందేమోనని భయపడినవాళ్లున్నారు. అన్నె ముందుండి నడిపించారు. కొడుకు మాంఛో కూడా ఆ పనిలోనే ఉన్నారు. ఆయన త్యాగానికి విగ్రహాలు లేచాయి. ఆమె త్యాగం రోజూ ఆఫీసుకు వెళ్లి పనిచేసింది.

తొందర ఎందుకు?

క్రైస్తవుల వేదంలో మంచి సమరయుడి కథ ఉంది. దొంగలు కొట్టి పడేసిన మనిషి దారి పక్కన ఉంటాడు. ఒక యాజకుడు చూసి తప్పుకుపోతాడు. గుడి పని చేసే మరొకడూ అంతే. ఆ జనం చిన్నచూపు చూసే జాతివాడు ఆగి, గాయాలు కట్టి, తన గాడిద మీద ఎక్కించుకుని పోతాడు. ఈ కథలో నాకు నచ్చేది దయ ఒక్కటే కాదు, వేళ. ఆ మనిషి మరునాటిదాకా బతకడు. సాయమన్నది ఆ పూటే అందాలి.

ఫెర్రర్ పద్ధతిలో ఈ తొందర కనిపిస్తుంది. 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు - మా వాళ్ల నోట్లో "ఆర్డీటీ" - బావులు, చెక్‌డ్యాములు, బడులు, ఇళ్లు, ఆసుపత్రులు అంటూ ఒక్కో అవసరం వెంటా పరుగెత్తింది. ఎక్కువగా దళితవాడలకు, గిరిజన తండాలకు. అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో బత్తలపల్లి ఆసుపత్రి 2000లో మొదలైంది. 2022లో జిల్లాను విడదీశాక బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, కాన్పు నొప్పులకు జిల్లా హద్దులేం తెలుసు? కళ్యాణదుర్గంలో, కణేకల్లులో కూడా ఆసుపత్రులు పెట్టారు. ఊరికి దగ్గరలో ఆసుపత్రి ఉండడమంటే ఎద్దుల బండి మీద సగం దారిలో ప్రాణం పోకుండా ఉండడం. అది మా అమ్మల తరానికి తెలుసు.

ఈ తొందర పెద్దవాళ్లకే చెల్లుతుందని అనుకోకండి. నేను టీచరుగా పనిచేసిన ఊళ్లో ఒక నర్సమ్మ ఉండేది. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో చర్చికి బయలుదేరేది. ఒక ఆదివారం బస్సెక్కబోతుంటే దళితవాడ నుంచి ఒక పిల్లాడు పరుగున వచ్చాడు. "మాయక్కకు నొప్పులొస్తాండాయి, రా మా!" ఆమె బైబిలు నా చేతిలో పెట్టి, చీర కొంగు బిగించి వెనక్కి నడిచింది. సాయంత్రం వచ్చి పుస్తకం తీసుకుంటూ "ఈ వారం ప్రార్థన ఆడనే అయిపాయ టీచరమ్మా" అని నవ్వింది. వాళ్లు ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. గవర్నమెంటు జీతమిస్తోంది కదా, రెండుసార్లు తీసుకుంటే దొంగతనం కాదా అంది. ఆ ఊళ్లో ఆమె ఒక్కరినీ మతంలోకి పిలవగా నేను వినలేదు. కానీ క్రైస్తవం అంటే ఏమిటని ఊళ్లో ఎవర్ని అడిగినా ఆమెనే చూపించేవాళ్లు.

ఇల్లు ఎవరి పేరు మీద?

మన ఆడవాళ్లు గమనించవలసిన సంగతి ఒకటుంది. ట్రస్టు కట్టించిన ఇళ్లను ఇంటి ఆడమనిషి పేరు మీద ఇస్తారు. చిన్న సంగతిలా కనిపిస్తుంది కదా? ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టం పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. కానీ ఆస్తే లేని కుటుంబంలో కూతురికి ఏ హక్కు వస్తుంది? కూలి చేసుకునే ఆడదానికి తన పేరు రాసిన కాగితం రేషను కార్డు తప్ప మరొకటి ఉండేది కాదు.

అలాంటి ఇంట్లో ఉంటున్న ఒకామెను నేను అడిగాను, ఏం మారిందని. "యేం మారలేదు మా, అదే కూలి, అదే గంజి. కాకపోతే ముందు తాగొచ్చి బయటికి పో అంటాన్న్యాడు. ఇప్పుడు ఆ మాట అనడు. ఇల్లు నా పేరు మీదుంది గదా!" అంది. గుడిసెకు బదులు గోడలు కట్టడం దయ. ఆ గోడలు ఎవరివో ఆలోచించి రాయడం న్యాయం. ఈ రెండోదానికే ఎక్కువ ధైర్యం కావాలి.

నిజాయితీ అన్నది మరో చోట కూడా కనిపిస్తుంది. ట్రస్టు మతసంస్థ కాదు. ఇల్లు కావాలంటే శిలువ వేసుకోమని అడగలేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టి బదులుగా అతని దేవుణ్ణి అడగడం బేరం అవుతుంది. మంచి పని చేస్తే అందులోనే అన్ని మతాలూ ఉన్నాయన్నది ఫెర్రర్ నమ్మకం. "మానవసేవే మాధవసేవ" అని మన పెద్దలన్నదీ అదే కదా.

అడగవలసిన ప్రశ్న

అంతా బంగారమేనా అంటే, ఆలోచించవలసినవి ఉన్నాయి. డబ్బు ఎక్కువగా స్పెయిన్ నుంచి వచ్చింది. 1996లో అక్కడ ఆయన పేరిట ఫౌండేషన్ ఏర్పడింది. నెలనెలా కొద్దికొద్దిగా పంపిన మామూలు కుటుంబాల సొమ్ము అది. 1998లో స్పెయిన్ ఆయనకు ప్రిన్స్ ఆఫ్ ఆస్తూరియాస్ బహుమతి ఇచ్చి గౌరవించింది. బాగానే ఉంది. కానీ ఎక్కడో బార్సిలోనాలో ఉన్న ఇల్లాలు తన ఖర్చులోంచి మిగిల్చి మా పిల్ల చదువుకు పంపిస్తుంటే, పక్క వీధిలో ఉన్న మనం ఏం చేశాం? అనంతపురం టౌనులో పెళ్లిళ్లకు వేసే పందిళ్లు చూస్తే ఇది కరువు జిల్లా అని ఎవరూ అనుకోరు.

ఇంకొకటి. ఫాదర్ సమాధి బత్తలపల్లిలో ఉంది. పల్లెపల్లెకూ ఆయన విగ్రహాలున్నాయి. కొన్ని ఇళ్లలో ఫొటోకు దండ వేసి, దేవుళ్ల పక్కన పెట్టి దీపం వెలిగిస్తారు. ఆ కృతజ్ఞతను నేను తప్పుపట్టను. కానీ ఒక మనిషిని దేవుణ్ణి చేసేస్తే మనకు ఒక సౌకర్యం ఉంది. ఆయన దేవుడు కాబట్టి చేశాడు, మనం మనుషులం కాబట్టి చేయలేం అనుకోవచ్చు. ఆయన మాత్రం మనిషిగానే చేశారు. యుద్ధంలో ఓడిపోయి, దేశం పొమ్మంటే పోయి, వ్రతం వదిలి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని... అచ్చంగా మనలాంటి మనిషిగా.

మనం జిల్లాలను మార్చనక్కర్లేదు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి "బిడ్డకు జ్వరమక్కా" అన్నప్పుడు "గిన్నెలు తోమేసి వెళ్లు" అనకుండా, ఆ క్షణాన పంపించండి. అది తొందర. వచ్చే పండక్కి కొనాలనుకున్న రెండో చీర డబ్బు ఆ బిడ్డ మందులకు ఇవ్వండి. అది త్యాగం. ఇచ్చిన సంగతి పక్కింటావిడకు చెప్పకండి, నెలాఖరున జీతంలో కోయకండి. అది నిజాయితీ. ఆ తర్వాత మీరు దీపం పెట్టుకున్నా, మోకరించినా, నమాజు చేసుకున్నా మీ ఇష్టం. ఏ దేవుడైనా కాసేపు ఆగుతాడు. జ్వరంతో ఉన్న బిడ్డే ఆగలేదు.